రూటర్‌కు రెండు వైపులా తాళం

మా ఆవిడ ఉద్యోగానికి నేనే గొయ్యి తవ్విన వైనం చెబుతాను, నవ్వుకోండి. బొగ్గుబావిలో నేను ఎలక్ట్రీషియన్‌ని. తవ్వడం నా పని కాదు. అయినా ఆ రోజు బాగా లోతుగానే తవ్వాను.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ మాది. నా భార్య దయామణి మూడేళ్లుగా ట్యూషన్లు చెప్పుకుంటూ టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. చివరికి రామగుండంలో ఒక బడి వాళ్లు శనివారం పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ అన్నారు. ఆ రోజు నాకు సెకండ్ షిఫ్టు, పొద్దున్నంతా ఖాళీ. ఖాళీగా ఉన్న మగవాడినీ రూటర్‌నూ ఒకే గదిలో ఉంచకూడదని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముందు రోజు ఒక వీడియో చూశాను. 192.168తో మొదలయ్యే నెట్ అడ్రసులు ఇళ్ల లోపల వాడుకునేవట. బయటి నెట్ నుంచి ఏదైనా ఆ అడ్రసు తగిలించుకుని వస్తే దొంగ కిందే లెక్కట. రూటర్‌లోని ఫైర్‌వాల్ దాన్ని గుమ్మంలోనే ఆపుతుందో లేదో పరీక్షించుకోండి అన్నాడు అందులోని పెద్దమనిషి. నాకు సగం అర్థమైంది. సగం అర్థమైతే చాలు, మిగతా సగం ధైర్యంతో నింపేస్తాను.

శనివారం పొద్దున రూటర్ పేజీ తెరిచి 192 అడ్రసులను ఆపమన్నాను. బయటి నుంచి వచ్చేవా, లోపలి నుంచి వచ్చేవా అని పేజీ అడిగింది. బావిలో మాకో పద్ధతి ఉంది. కేబుల్ మీద చెయ్యి వేయాలంటే ఒక్కవైపు కరెంటు తీస్తే నమ్మం. రెండు వైపులా బంద్ చేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే ముట్టుకుంటాం. ఇన్నేళ్లూ నన్ను బతికించిన పద్ధతి కదా, రెండింటికీ టిక్కు పెట్టాను.

పేజీ అక్కడికక్కడే ఆగిపోయింది. ఫైర్‌వాల్ పాసైందని దయామణికి గర్వంగా చెప్పాను.

"నెట్ పోయింది," అంది దయామణి. అప్పటికి పదిన్నర.

మా ఫోన్లూ ల్యాప్‌టాపూ టీవీ, అన్నీ 192 సంసారమే అని అప్పుడు తట్టింది. దొంగలు పడ్డ ఆరునెల్లకు కుక్కలు మొరిగాయంటారు. నా కుక్క దొంగలు రాకముందే ఇంటిల్లిపాదినీ కరిచింది. పోనీ టిక్కు తీసేద్దామంటే రూటర్ పేజీలోకి వెళ్లాలి. వెళ్లబోయే నేనూ 192నే. చెవి లోపల ఉంది, తాళం వేసినవాడు బయట ఉన్నాడు.

ఇంతలో పక్క క్వార్టర్ కొమురయ్య కాక వచ్చాడు. బావిలో పనిచేసి రిటైరైన మనిషి, మా వైఫైలో వాటాదారు. తన ఇంట్లోనూ బందయిందన్నాడు. నేను దొంగ అడ్రసుల సంగతంతా వివరించాను. కాక శ్రద్ధగా విన్నాడు.

"మరి దొంగ దొరికిండా?"

"లేదు కాక."

"ఎవ్వలు దొరికిన్రు?"

"మనమే."

కాక సలహా మీద రూటర్‌ను బంద్ చేసి మళ్లీ ఆన్ చేశాం. నేను రాసింది చెక్కుచెదరలేదు. దయామణి కొప్పులోంచి పిన్ను లాగి రూటర్ వెనక రీసెట్ చిల్లులో గుచ్చాను. ఈసారి నేను రాసింది పోయింది, దాంతోపాటు కనెక్షన్ పాస్‌వర్డూ పోయింది. కేబుల్ అతనికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం రెండింటికి వస్తానన్నాడు. వైఫై ఉందన్న ధీమాతో మా ఫోన్లకు మాటలకు మాత్రమే సరిపోయే రీచార్జి వేయించిన మేధావిని కూడా నేనే.

"మూడేండ్లకు ఒక్క పిలుపొచ్చిందయ్యా," అంది దయామణి. ఊడిన కొప్పు చేత్తో పట్టుకుని నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

కాక ఇంటికెళ్లి తన ఫోన్ తెచ్చాడు. అందులో నెట్ ఉంది. బియ్యం డబ్బాకు ఆనించి పెట్టాం. సరిగ్గా పదకొండింటికి ఇంటర్వ్యూ మొదలైంది. నేను ఎదురుగా నేలమీద కూర్చుని, ఒళ్లో రూటర్, చేతిలో పిన్ను, ఇంకా గుచ్చుతూనే ఉన్నాను.

దయామణి అన్నింటికీ చక్కగా జవాబు చెప్పింది. చివర్లో ప్రిన్సిపాల్ ఒక ప్రశ్న వేశారు. తప్పు పద్ధతినే గట్టిగా నమ్మి, నాకంతా తెలుసనుకునే పిల్లవాణ్ణి ఎలా దారికి తెస్తారని.

దయామణి నావైపు ఒక్కసారి చూసింది.

"ముందు వాని చేతిలున్నది గుంజుకుంట సార్," అంది. "తప్పేందో తర్వాత నిదానంగ చెప్త."

ఫోన్లో నవ్వులు. ఉద్యోగం వచ్చింది.

కావున నేను నిండు మనసుతో చేయు ప్రమాణమేమనగా, ఇకపై ఏ అడ్రసునూ అనుమానించను, ఏ పెట్టెకూ టిక్కు పెట్టను, రూటర్ వంక చూడవలసి వస్తే చేతులు వెనక్కి కట్టుకుని చూస్తాను. సాక్షి సంతకం: దయామణి టీచరు.