ఊగుడు కర్ర తేనన్న పిల్ల

బ్రయనీ హించ్‌లిఫ్ తండ్రి ఇంగ్లండులోని రాథరంలో ఇనుప పరంజాలు కట్టే పనివాడు. పనిలో చేరిన కొత్తలో అతన్ని గాజు సుత్తి కొనుక్కురమ్మని బజారుకు తరిమారు. ఆ కథ ప్రతి క్రిస్మసుకూ చెబుతాడు, ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వుతారు. బ్రయనీ ఒక్కతే నవ్వదు.

"అప్పుడు నవ్వింది నువ్వా నాన్నా, వాళ్ళా?"

"నోరు మూసుకుని పుడ్డింగ్ తినవే!"

కొత్తవాళ్ళను లేని వస్తువు కోసం పరుగెత్తించడం లోకమంతటా ఉన్న ఆచారమే. ఓడల్లో లంగరుకు తాళంచెవి తెమ్మంటారు. ఒక రేవులో చారల రంగు డబ్బా కోసం ఊరంతా తిరిగిన కుర్రాడు తర్వాత ఆ రేవుకే అధికారి అయ్యాడట. కుర్చీలో కూర్చున్న రోజే ఇంకొకణ్ణి అదే డబ్బా కోసం పంపాడట. పెద్ద చదువులున్నచోట ఇలాంటివి సాగవని మనం అనుకుంటాం కానీ, అది మన అమాయకత్వం.

సిక్స్త్ ఫారం, అంటే మన ఇంటర్ లాంటి చదువు, చదివే బ్రయనీకి వేసవిలో విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో వారం రోజులు పనిచేసే అవకాశం దొరికింది. ల్యాబు పెద్ద ఎల్స్‌పెత్ గారిక్. ఆవిడ రాసిచ్చే నాలుగు మంచి మాటలుంటే పై చదువుకు సీటు తేలికవుతుందని బ్రయనీ ఆశ. అక్కడి యువ పరిశోధకుడు రాడ్రీ సోమవారమే మొదలుపెట్టాడు.

"స్టోర్సుకెళ్ళి ఒక బకెట్ శూన్యం పట్టుకురా తల్లీ. మూత గట్టిగా పెట్టించుకో, కారిపోతుంది."

వెళ్ళింది. టీ వేళకల్లా వరండా అంతా ఒకటే మాట: "మూత పెట్టించావా?"

గురువారం రాడ్రీ ఉక్కు పాత్రలోకి తల దూర్చి కేకేశాడు. "బ్రయనీ! స్టోర్సు మూసేలోపు వాబుల్ స్టిక్ పట్టుకురా, పరుగెత్తు!"

"ఊగుడు కర్రా?"

"అవును, ఊగుడు కర్రే!"

"నువ్వే తెచ్చుకో." ఆమె స్టూలు మీంచి లేవలేదు. రాడ్రీ చేతులు ఖాళీగా లేవు.

తీరా చూస్తే ఆ కర్ర నిజంగానే ఉంది. గాలి తీసేసిన పాత్రలో వస్తువుల్ని బయటినుంచే కదిపే కడ్డీ అది. స్టోర్సు మూసేశారు. పాత్ర బిగించడం కుదరలేదు, లోపలి తేమ పోయేలా ఆ రాత్రి మొదలుకొని వారాంతమంతా దాన్ని వేడిచేయాలన్న పథకం గాలికిపోయింది.

"వారం పని బూడిదపాలు చేసింది!" అని రాడ్రీ ఎగిరాడు.

ఎల్స్‌పెత్ కప్పు కింద పెట్టింది. "బ్రయనీ, రాడ్రీకి సారీ చెప్పు. చెప్పకపోతే రేపు రానక్కర్లేదు."

"చెప్పను. అబద్ధం ఆడింది నేను కాదు. సోమవారం నమ్మాను కదా, నమ్మితే ఏమైందో అందరూ చూశారు."

"చిన్న సరదా అమ్మా అది. నన్నూ పంపారు, ఎడమచేతి స్పానర్ కోసం."

"నవ్వారా మీరు?"

"నవ్వానే."

"ఇంటికెళ్ళాక?"

ఎల్స్‌పెత్ లేచి కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

శుక్రవారం పొద్దున బ్రయనీ వచ్చింది, కోటు గుండీలన్నీ పెట్టుకుని మరీ. సీటు పోతే పోనీ, తలుపు దగ్గరే వెనక్కి పంపితే పంపనీ, సారీ మాత్రం చెప్పదు. బజర్ నొక్కింది. ఎల్స్‌పెత్ తలుపు అద్దంలోంచి ఆమెకేసి చూసి గడియ తీసింది.

లోపల రాడ్రీ ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు. ఆ వారం పనికే మరో బడి నుంచి వచ్చిన టోబీకి పని పురమాయించాడు. "స్టోర్సుకెళ్ళి ఇండియం తీగ పట్టుకురా."

టోబీ కదలకుండా బ్రయనీ వంక చూశాడు.

"అది నిజంగా ఉంటుందా?" బ్రయనీ ల్యాబంతా వినబడేలా అడిగింది.

రాడ్రీ చెవులు ఎర్రబడ్డాయి. ఎల్స్‌పెత్ వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని, "అడుగుతోందిగా, చెప్పు" అంది.

రాడ్రీ సొరుగు లాగి, వెతికి, మెత్తటి వెండిరంగు తీగ ముక్క ఒకటి తీసి టోబీ అరచేతిలో పెట్టాడు.

"ఇదిగో. ఇలాంటిదే, ఇంకొంచెం పొడుగుది."

అప్పుడు వెళ్ళాడు టోబీ.