ఒంటికి ఆగిన బస్సు

నూకరాజుకి కోపం ఊరికే రాదు, వచ్చిందంటే ఊరికే పోదు. రాజోలు నుంచి గన్నవరం మీదుగా అమలాపురం వెళ్లే ప్రైవేటు బస్సులో క్లీనరుగా చేరి, డ్రైవరై, ఆ స్టీరింగు ముందే జుట్టు నెరిసిన మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని, ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో ఓనరు ప్రకాశరావు, "దారిలో ఇన్నిసార్లు బండాపితే జనం ఎక్కరయ్యా. ఒళ్లు బాగుచేయించుకుని రా. అందాకా రెండో డ్రైవరు జగ్గయ్య తోల్తాడు" అన్నాడు.

ఆపడం నిజమే. కాలవగట్టున దిగి తుప్పల చాటున నిలబడితే ఒంటికి ఒక పట్టాన వచ్చేది కాదు. వచ్చినా చుక్కలే. బస్సులోంచి "గురువుగారు చేలకి నీళ్లు పెడతన్నారు" అంటూ నవ్వులు. ఆ నవ్వులకి ఒళ్లు మండి నూకరాజు మంచినీళ్లు తాగడమే తగ్గించేశాడు. రేడియేటరుకి మాత్రం రోజూ పొద్దున్నే నిండా పోసేవాడు.

కాకినాడలో ఒక డాక్టరు దగ్గర కొత్త మిషను ఉందన్నారు. కోతా లేదు, లోపలికి గొట్టమూ లేదు. గరాటులో ఒంటికి పోస్తే ధార జోరెంతో కాగితం మీద గీత గీసి చెబుతుంది. నూకరాజు సంబరంగా బయల్దేరాడు. దారిలో ఇంకో డ్రైవరుని ఆపమని బతిమాలడం తనకి చిన్నతనం కనక ముందురోజు సాయంత్రం నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. ముక్తేశ్వరం రేవు దాటి కాకినాడ చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. గరాటు ముందు నిలబడితే నాలుగు చుక్కలు రాలాయి.

డాక్టరు గీత చూసి, "ప్రోస్టేటు పెరిగింది సరే, మూత్రాశయం కూడా నీరసించినట్టుంది. ఆపరేషన్ చేసినా లాభం ఉండకపోవచ్చు. ఇక మూత్రానికి గొట్టం పెట్టుకునే గడపాలేమో" అన్నాడు, తలెత్తకుండా.

గొట్టం తగిలించుకున్నవాడికి స్టీరింగు ఎవడిస్తాడు? ఇంటికొచ్చి నూకరాజు కంచం తోసేశాడు. అంతా విన్న భార్య లోవమ్మ, "పరీక్షకి ముందు ఏం తాగేరండీ?" అంది.

"ప్రయాణం పెట్టుకుని ఎలా తాగుతానే?"

"మరి లోపల లేంది బయటికెలా వత్తాదండీ?"

నూకరాజు కోపం డాక్టరు మీదికి మళ్లింది. ఆ కోపమంతా మూటగట్టుకుని మర్నాడే కాకినాడ వెళ్లాడు.

"అంత చదువుకున్నారు కదండీ. నీళ్లు తాగేవా అని ఒక్క ముక్క అడగలేకపోయేరా? మీ మాటతో నా కూడు పోయేదండి" అన్నాడు.

డాక్టరు మొహం ఎర్రబడింది. "అడగాల్సింది" అన్నాడు. నీళ్లు తాగించి, బాగా ఒత్తిడి వచ్చేదాకా కూచోబెట్టి, గదిలో ఒక్కణ్ణీ వదిలి తలుపు వేశాడు. ఈసారి ధార సన్నగానైనా ఆగకుండా పడింది. పొట్టమీద పెట్టి చూసే మిషనుతో చూస్తే లోపల మిగిలింది కొంచెమే. "ఇప్పుడు కోతా వద్దు, గొట్టమూ వద్దు. నీళ్లు మానకు, వచ్చినప్పుడు ఆపుకోకు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకో" అన్నాడు.

నూకరాజు తిన్నగా ప్రకాశరావు దగ్గరికెళ్లి ఆ మాటే చెప్పాడు. ప్రకాశరావు నమ్మీ నమ్మనట్టు చూసి, "తోలు, చూద్దాం" అని తనూ ముందు సీట్లో కూచున్నాడు.

గన్నవరం దాటాక కాలవగట్టున నూకరాజు బండాపాడు. వెనక నవ్వు మొదలైంది. ఇంజను కూడా ఆపేసి వెనక్కి తిరిగాడు.

"నాకు ఒంటికొచ్చిందండి. అవసరమైనోళ్లు దిగండి. లేనోళ్లు నోరుమూసుకు కూచోండి."

చేలకి నీళ్లన్న పెద్దమనిషే తువ్వాలు సర్దుకుంటూ ముందు దిగాడు. ఇంకో ఇద్దరు ముసలివాళ్లు దిగారు. అందరికన్నా ఆఖర్న ప్రకాశరావు దిగి, నూకరాజు పక్క తుప్ప దగ్గర నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఆయన వైపు ధార చప్పుడు లేదు.

"ఎన్నాళ్లనించండీ?" అన్నాడు నూకరాజు.

"రెండేళ్లవుతోంది" అన్నాడు ప్రకాశరావు, కాలవకేసి చూస్తూ.

నూకరాజుకి కోపం నషాళానికంటింది. "ఈ బాధేంటో తెలిసుండి కూడా నన్ను సీట్లోంచి దింపేరా అండీ?"

ప్రకాశరావు ఇంకా చుక్క రాక తుప్ప దగ్గరే నిలబడ్డాడు. నూకరాజు వెళ్లి స్టీరింగు ముందు కూచున్నాడు. ఓనరు వచ్చేదాకా హారను మాత్రం కొట్టలేదు.