కోచ్ పిలిస్తే వెళ్లాను

నవంబరులో ఒక మంగళవారం సాయంత్రం, ఆఫీస్ నుంచి అరిజోనాలో, చాండ్లర్‌లోని మా ఇంటికి డ్రైవ్ చేస్తుంటే ఫోన్ మోగింది. మా అబ్బాయి నిఖిల్ చదివే కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. వచ్చే శనివారం సీనియర్ డే అనీ, ఆఖరి సంవత్సరం కుర్రాళ్లు సొంత మైదానంలో ఆడే చివరి ఆట అదేననీ, ఆట మొదలయ్యే ముందు ఒక్కో కుర్రాడూ తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని మైదానం మధ్యదాకా నడుస్తాడనీ చెప్పారు. మీరు తప్పకుండా రావాలన్నారు.

ఈ సంగతి నిఖిల్ నాకు చెప్పలేదు. నా కొడుకు పక్కన నడవడానికి నన్ను పరాయివాడు పిలవాల్సి వచ్చింది. సరే వస్తానన్నాను గానీ, ఇల్లు చేరేదాకా కడుపు మండుతూనే ఉంది.

మా ఆవిడ వసంతకి మోకాలి ఆపరేషన్ అయి రెండు వారాలే అయింది. వాళ్ల చెల్లెలు వచ్చి సాయంగా ఉంటోంది. "నేనెలాగూ రాలేను. వాడు ఆ కోచ్ మాట వింటాడు, మీ మాట వినడు. ఎందుకో చూసి రండి" అంది.

ఇక్కడివాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో ఆడే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో కాలికి పనున్నవాడు ఒకడుంటాడు, కిక్కర్ అంటారు. రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నడం వాడి పని. నిఖిల్ ఆడేది అదే. కిందటేడు ఒక ఆట ఆఖరి నిమిషంలో వాడు తన్నిన బంతి కుడి స్తంభానికి బయటగా పోయింది, జట్టు ఓడిపోయింది. ఆట అయ్యాక విలేకరులు అడిగితే కోచ్, "తప్పు నాది. గాలి అటు ఉండగా వాణ్ని పంపకుండా ఉండాల్సింది" అన్నారు. నేనా వీడియో ఇంట్లో కూర్చుని చూశాను.

మా ఫ్యాక్టరీలో చిప్‌లు తయారవుతాయి. ఒక బ్యాచ్ పాడైతే మీటింగ్ పెడతాం. ఎవరైనా తప్పు నాదని ఒప్పుకుంటే ఇక విచారణ ముగిసినట్టే. ఊరికే ఎవరంటారు ఆ మాట? ఇరవై ఏళ్లలో నేనైతే ఒక్కసారీ అనలేదు. అందుకని కాలేజీ స్పోర్ట్స్ ఆఫీస్‌కి ఫోన్ చేసి, ఆయనే ఒప్పుకున్నాక ఆయన్ని ఇంకా ఎందుకు ఉంచారని నిలదీశాను. ఆ వారమే మా స్నేహితుడు ప్రసాద్ ఇంట్లో పార్టీ అయితే, అక్కడా చెప్పాను. మా వాడి కిక్ పాడుచేసింది కోచేనని చాండ్లర్‌లో చాలామంది తెలుగువాళ్లు నమ్ముతున్నారంటే కారణం నేను. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. నిఖిల్‌ని అడిగే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయమన్నాడు, కోచ్ పేరు మాత్రం వద్దన్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున ఆరింటికి ఫీనిక్స్‌లో విమానం. పదిన్నరకల్లా షికాగోలో దిగాను. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి మెట్రో రైలుంది, ఐదు డాలర్ల టికెట్, ముప్పావు గంట. కార్ బుక్ చేసుకోవడం దండగ. దిగాక పెద్ద స్టేషన్‌కి పది నిమిషాల నడక. కానీ అరిజోనా నుంచి వెళ్లేవాళ్లు చేతులకి గ్లవ్స్ మరిచిపోవద్దు, నేను మరిచిపోయాను. స్టేషన్‌లో సూప్ తాగి, మధ్యాహ్నం రెండింటి రైలెక్కాను.

ఆ కాలేజీ ఊరు చేరడానికి మూడు గంటలు పడుతుంది. దారి పొడుగునా కోసేసిన మొక్కజొన్న చేలే. ఎదురు సీట్లో కాలేజీ టోపీ పెట్టుకున్న ఒకావిడ కూర్చుంది. పేరు లిండా. మాటల్లో తెలిసింది, నిఖిల్ తన్నేటప్పుడు బంతిని నేలమీద నిలబెట్టి పట్టుకునే కుర్రాడు వాళ్ల అబ్బాయేనని. తన శాండ్‌విచ్‌లో సగం నాకిచ్చింది. నేనుండబట్టలేక కిందటేటి ఆట ఎత్తాను. కోచ్ తప్పు ఒప్పుకోవడం ఎంత అరుదో కదా అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఆయన ప్రతిసారీ అదే అంటాడు. ఓసారి మావాడు బంతి జారవిడిస్తే, బంతులు తుడిపించడం నేను మరిచిపోయానన్నాడు. ఆ రోజు అసలు వానే లేదు."

"మరి జనం నమ్మరా?"

"విలేకరులు రాసుకుంటారు. తల్లిదండ్రులం ఎవరం నమ్మం." కాసేపు నా మొహంలోకి చూసి, "మీరు నమ్మారా?" అంది.

నేను కిటికీలోంచి మొక్కజొన్న మోళ్లు చూస్తూ కూర్చున్నాను.

ఆయన మీద నా కోపం ఆ కిక్‌తో మొదలైంది కాదు. నాలుగేళ్ల కిందట నిఖిల్‌ని తన కాలేజీకి రమ్మని అడగడానికి ఆయన మా ఇంటికొచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు చూసి, చెప్పకుండానే తన బూట్లు విప్పారు. వసంత వేసిన పెసరట్లు మూడు తిన్నారు. వెళ్లేముందు మా ఇంటిపేరు ఆవిడచేత నెమ్మదిగా చెప్పించుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నారు. తుమ్మలపల్లి. నేను ఇరవై ఏళ్లుగా ఆఫీస్‌లో అందరికీ రాజ్‌ని. వాళ్ల నోళ్లకి శ్రమ ఎందుకని నా పేరు నేనే కత్తిరించుకున్నాను. ఈయనకి ఆ శ్రమ ఎందుకు? ఆ రోజు మొదలు మా ఇంట్లో ప్రతి వాక్యం "కోచ్ చెప్పారు" అనే మొదలయ్యేది. నేను పన్నెండేళ్లు చెప్పినా ఎనిమిదింటికి ముందు లేవనివాడు, ఆయన ఒక్కమాటకి ఐదున్నరకి లేచేవాడు.

ఐదింటికి రైలు దిగేసరికి నిఖిల్ కార్‌తో వచ్చి ఉన్నాడు. అది చాలా చిన్న స్టేషన్. టాక్సీలు దొరకవు కాబట్టి ముందే ఎవరికైనా చెప్పుకోవాలి. మోటెల్‌లో బ్యాగ్ పడేసి, హైవే పక్కనున్న మెక్సికన్ హోటల్‌కి వెళ్లాం. టీమ్ మీటింగ్ ఉందని వాడికి గంటే టైముంది. బీన్స్, అన్నం వచ్చేదాకా వాళ్ల అమ్మ మోకాలి గురించే మాట్లాడుకున్నాం.

తర్వాత వాడు ప్లేటు వైపు చూస్తూ అన్నాడు. "డాడీ, నువ్వు స్పోర్ట్స్ ఆఫీస్‌కి కాల్ చేశావ్. నాకు తెల్సు."

కోచ్ చెప్పాడన్నమాట అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు సంతోషమేసింది. ఆయనా మామూలు మనిషే, మాట మోసేశాడు.

"కోచ్ చెప్పాడా?"

"లేదు. ప్రసాద్ అంకుల్ వాళ్ల రోహన్ చెప్పాడు. నువ్వు పార్టీలో ఎవ్రీబడీకి చెప్పావంట."

వాడే మళ్లీ అన్నాడు. "గాలి ఉంది, లెఫ్ట్ పోల్ చూసి కొట్టు అన్నారు కోచ్. నేను వినలే. మిడిల్‌కే కొట్టా. నాకే తెల్సు అనుకున్నా."

"మరి ఆ సంగతి బయటికి చెప్పలేదేం?"

"చెప్తా అన్నా. 'నాకు చెప్పావ్‌గా, చాలు' అన్నారు."

నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. చెబితే నేనేం చేసేవాణ్నో మా ఇద్దరికీ తెలుసు. మీటింగ్ పెట్టేవాణ్ని.

బిల్లు వచ్చాక అడిగాను. "రేపు నీతో నడవనా, వద్దా?"

"కోచ్ పిలిచారుగా," అన్నాడు. అది అవునో కాదో నాకు తెలియలేదు. ఆ జవాబుతోనే మోటెల్‌లో పడుకున్నాను.

శనివారం మోటెల్‌లో ఇచ్చిన వాఫుల్ తిని, పదింటికి నడుచుకుంటూ స్టేడియానికి వెళ్లాను. స్టేడియమంటే ఒకవైపు మెట్లు, ఒకవైపు గడ్డి గట్టు. కోచ్ తన గదిలో ఒక్కరే ఉన్నారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఏదో పేరు మళ్లీ మళ్లీ వింటూ తనలో తాను పలుకుతున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపారు.

నేను కూర్చోలేదు. "కిందటేడు ఆఫీస్‌కి ఫోన్ చేసింది నేనే" అన్నాను.

"తెలుసు."

"నిఖిల్‌కి ఎందుకు చెప్పలేదు?"

"అది తండ్రీకొడుకుల సంగతి. నేను దూరకూడదు" అన్నారు. ఆఫీస్‌వాళ్లు అడిగితే ఏం చెప్పారని అడిగాను. కొడుకు గురించి ఫోన్ చేసే తండ్రి ఉండటం మంచిదే అని చెప్పారట.

తిడతారని సిద్ధపడి వెళ్లాను. తిట్టుంటే ఎంత బాగుండేది! ఆయన్ని కాస్తయినా తక్కువగా అనుకునే వీలు మిగిలేది. క్షమించమన్నాను. తల ఊపి, ఫోన్ నా ముందు పెట్టారు.

"మీ పూర్తి పేరు ఒకసారి చెప్పండి. మైదానంలో నేనే చదవాలి."

"రాజ్ అంటే చాలు."

"చాలదని మీ అబ్బాయి చెప్పాడు. మొన్న సోమవారం. మిమ్మల్ని పిలవడానికి వాడికి మొహం చెల్లలేదు గానీ, పేరు మాత్రం మొత్తం చదవాలన్నాడు."

నా పేరు నేనే నెమ్మదిగా, మొత్తం చెప్పి రికార్డ్ చేయించాను.

ఒంటిగంటకి ఆట. పన్నెండున్నరకి వరసలో నిలబెట్టారు. తల్లికి ఒక పువ్వు ఇవ్వడం ఇక్కడి ఆచారం. వసంత లేదు కాబట్టి నిఖిల్ ఆ తెల్ల చామంతిని నా చేతికిచ్చి, "అమ్మకి" అన్నాడు. మా వంతు వచ్చింది. మైకులో కోచ్ గొంతు. నిఖిల్ తుమ్మలపల్లి. తల్లి వసంత. తండ్రి తుమ్మలపల్లి రాజశేఖరరావు. ఒక్క అక్షరం జారలేదు. నా పేరు మొత్తంగా ఈ దేశంలో బయటికి వినబడటం అదే మొదలు. ఆ గట్టు మీద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నిఖిల్ నా భుజం మీద చెయ్యి వేసి నడిపించాడు.

మైదానం మధ్యకి చేరగానే ఆ చెయ్యి తీసి, కోచ్‌ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. నేను పువ్వు పట్టుకుని పక్కన నిలబడ్డాను. మళ్లీ మండింది. మండలేదని రాస్తే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ రోజు జట్టు గెలిచింది. నిఖిల్ రెండు తన్నాడు, ఒకటి పడింది, ఒకటి పోయింది. పోయినదాని గురించి విలేకరి అడిగితే కోచ్ తప్పు తనదేనన్నారు. మెట్ల మీద నా పక్కనున్న లిండా మోచేత్తో పొడిచింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటి రైలుకి నిఖిల్ దింపాడు. తొందరపడి వెళ్లిపోలేదు, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నాడు. చామంతిని సగం నీళ్లున్న సీసాలో పెట్టి కిటికీ దగ్గర నిలబెట్టాను. ఎయిర్‌పోర్ట్‌లో నీళ్లు పారబోయించారు, పువ్వు మాత్రం వదిలారు. ఎవరైనా ఈ కాలేజీకి వెళ్లాలనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం రైలే మంచిది. తోడుకి తల్లులు దొరుకుతారు.

విమానం గేటు దగ్గర కూర్చుని, మా చాండ్లర్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. కిందటేడు కోచ్ గురించి నేను చెప్పింది నిజం కాదు, ఆయన చేసిన తప్పేమీ లేదు, ఆయనంత మర్యాదస్తుణ్ని నేను చూడలేదు అని రాశాను. నిమిషంలో ప్రసాద్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"మరి ఆయనే ఒప్పుకున్నాడన్నావు కదా గురూ. ఇంతకీ తప్పెవరిది?"

నిఖిల్‌ది అని టైప్ చేశాను. అప్పటికి వాడి అనుమతి ఇంకా అడగలేదు. ఆ పేరు వంక చూస్తూ కూర్చున్నాను. బోర్డింగ్‌కి పిలుస్తున్నారు. అది చెరిపేసి, "నాది" అని పంపాను.

ఇరవై ఏళ్లలో మొదటిసారి అన్నాను ఆ మాట. అదైనా నా సొంతమా అంటే కాదు, కోచ్ దగ్గర నేర్చుకున్నదే.