వద్దనేవాడు లేని ఫొటో

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. రబ్బరు చెప్పును కిరసనాయిల్లో నానబెట్టి, ఎండబెట్టి, పైన చవక సెంటు కొట్టినట్టు. మొన్న ఆర్మూరులో ఆటస్థలం గోడకు 'మన కబడ్డీ వీరులు' అని కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడితే ఆ వాసన ముక్కులోంచి దిగి, అప్పుడే తిన్న పప్పన్నంతో తగాదా పెట్టుకుంది. తలెత్తి వీరులను చూసేసరికి పప్పన్నం ఓడిపోయి పైకి రాబోయింది. మొదటి వీరుడు ప్లాట్లు అమ్ముతాడు. బరిలో నిలబెడితే ఆయనకంటే ఒక పూట ముందే ఆయన పొట్ట నడిగీత దాటుతుంది. రెండో ఆయన సెల్‌ఫోన్ దుకాణదారు. మూడో ఆయన ఫ్లెక్సీ వేయించిన పెద్దమనిషికి బామ్మర్ది. మెట్టెక్కితేనే ఆగిపోయే ఊపిరితో కూతకు పోయి ఎవరిని తాకొచ్చాడో ఆయనే చెప్పాలి. వీళ్లందరి కింద, ఓ మూల, నా మేనమామ లింబాద్రి.

మా చిన్నప్పుడు గోడకెక్కడం ఇంత సులువు కాదు. పసుపు మార్కెట్ ఎదురుగా పోశెట్టి చాయ్ హోటల్ ఉండేది. పంట వచ్చే కాలంలో బండ్ల మీది బస్తాల దుమ్ము లేచి, కాకులు పచ్చగా, కుక్కలు పచ్చగా, చాయ్ మీది మీగడ పచ్చగా, ఊళ్లో ముసలివాళ్లంతా మళ్లీ పెళ్లికొడుకులైనట్టు కనిపించేవారు. పోశెట్టి కడాయిలో నూనె ఏనాడు మొదటిసారి పోసిందో ఆయన తండ్రికి కూడా గుర్తులేదు. అందులో వేగిన మిర్చీలు, బీడీల పొగ, ఉమ్ముల మరకలు, వీటన్నిటి పైన మసిపట్టిన గోడకు దేని మేకు దానిగా వేలాడే కబడ్డీ ఆటగాళ్ల ఫొటోలు.

కొత్త ఫొటో ఎక్కేది ఉగాది నాడు, ఇంట్లో తిన్న భక్షాలు అరగకముందే. దానికొక కట్టుబాటు ఉండేది. ఆ ఆటగాడి చేతిలో ఓడిన పొరుగూరివాడు వచ్చి, ముందు వద్దని వాదించి, చివరికి తన నోటితో 'పెట్టుండ్రి' అనాలి. అనేదాకా పోశెట్టి సుత్తి ముట్టడు. వద్దనేవాడు రాకపోతే కబురు పెట్టి, బస్సెక్కించి, మిర్చీలు తినిపించి మరీ వద్దనిపించేవారు. ఊపిరి గొప్పా పట్టు గొప్పా అని మొదలైన వాదనలో కప్పులు పగిలేవి, ధోవతులు ఊడేవి, వియ్యంకులు మాటలు మానేసేవారు.

లింబాద్రి మామ కూత పెడితే అంత దూరాన డిచ్‌పల్లిలో బర్రెలు తలెత్తి చూసేవని మా అమ్మ అనేది. తమ్ముడి విషయంలో అమ్మ లెక్క కాస్త పొదుపుగానే ఉండేదని నా నమ్మకం. బాల్కొండతో జరిగిన ఆఖరి ఆటలో, ఆఖరి కూతలో, అక్కడి ఆటగాడు ముత్తెన్న, మా మామ మడమను పట్టాడు. ముత్తెన్న పట్టిన మడమ వదలడమన్నది అంతకుముందు లేదు. ఆ రోజు జారింది. ఆర్మూరు గెలిచింది. ఒంటికి నూనె రాసుకుని బరిలో దిగడం కబడ్డీలో దొంగతనమే కదా, ముత్తెన్న ఆ మాటే పట్టుకున్నాడు. మామ ఫొటో చర్చకు వచ్చిన ప్రతి ఉగాదికీ మొదటి బస్సులో దిగేవాడు.

"ఆముదంల మునిగొచ్చినవురా నువ్వు. గీ చేతులు పిండితె మా ఇంట్ల దీపం వారం దినాలు ఎలిగింది!"

"పసుపు ఉడకబెట్టి సీదా ఆటకొచ్చిన. అది చెమట," అనేవాడు మామ. "నీడకు కూసునెటోనికి చెమటంటె ఏమెరుక?"

ఏటేటా ఇదే పాట విని పోశెట్టికి రోత పుట్టింది. "పసుపు ఉడికే కడాయి కాడనే తేల్చుకోండ్రి, నా కప్పులు మిగులుతయి," అన్నాడు. మరుసటి ఏడు పసుపు ఉడికించే రోజున, వట్టి చెమటకే పట్టు జారుతుందని చూపించడానికి మామ పొద్దున్నుంచి పొగలో నిలబడ్డాడు. ఉడికే పసుపు వాసన తడిమట్టిలా, చేదుగా గొంతులో దిగేది. సగం ఊరు అక్కడే ఉంది. మేం పిల్లలం ఆరబోసిన కొమ్ముల మీదెక్కి తొక్కుతూ, అమ్మమ్మ చేత వీపులు వాయించుకుంటూ చూస్తున్నాం. ముత్తెన్న వంగి మడమ పట్టాడు. మామ కూత పెట్టి గుంజాడు. కాలు ఊడొచ్చింది. ముత్తెన్న పసుపులో పొర్లాడు.

ఊరు ఊరంతా అరిచింది. ముత్తెన్న లేచి దులుపుకుంటూ, "జారింది. చెమటనే. పెట్టుండ్రి ఫొటో," అన్నాడు. పోశెట్టి అప్పటికే సుత్తి తెచ్చుకున్నాడు. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మామ మాత్రం కదల్లేదు.

"ఇడిషిపెట్టినవ్," అన్నాడు.

"జారిందంటున్న గదరా."

"నీ పట్టు నాకెరుక లేదా? నేను గుంజకముందే నీ బొటనవేలు లేసింది. నీ జాలి ఫొటో నాకెందుకు?"

ముత్తెన్న మొహం పసుపులోంచి కూడా ఎర్రబడింది. "గట్లనా? అయితె ఆముదమే! సచ్చేదాంక ఆముదమే అంట!"

"అను. గట్టిగ అను."

ఆ తర్వాత ఇద్దరూ పోయి చాయ్ తాగారు. ఫొటో ఎక్కలేదు. నాకు మీసాలొచ్చాక కూడా ప్రతి ఉగాదికీ ముత్తెన్న వచ్చి, మిర్చీలు తిని, వద్దని వెళ్లేవాడు.

ఇప్పుడు పోశెట్టి లేడు. హోటల్ లేదు, ఆ గోడ ఏ పునాదిలో కంకరైందో. పోయిన వానాకాలం ముత్తెన్న పోయాడు. మామ బాల్కొండ వెళ్లి, వణికే భుజంతోనే పాడె మోశాడు. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ ఆట గురించి తగాదా పడరు. అందరూ అందరికీ శాలువాలు కప్పుతారు. అది చూస్తే నాకు ఒళ్లంతా కంపరం.

అయినా సంబరపడతాడేమోనని మామను బండి మీద ఎక్కించుకుని ఫ్లెక్సీ దగ్గరికి తీసుకెళ్లాను. కట్టిన కుర్రాళ్లు దండం పెట్టారు. మామ మూలనున్న తన ఫొటో వైపు చెయ్యి చూపాడు.

"నన్ను పెట్టద్దని ఎవలన్నరు?"

"ఎవలనలే తాతా," అన్నాడొక కుర్రాడు. "వాట్సాప్ గ్రూపుల పెట్టినం. అందరు దండాలు పెట్టిండ్రు."

"అందరా?"

"ఒక్కలు గుడ కాదనలే."

మామ పక్కకు తిరిగి ఉమ్మాడు. "ముత్తెన్న పోయి ఏడాది కాలే. గప్పుడే ఎక్కిచ్చిండ్రా? నాది దించుండ్రి."

"అంత ఒక్కటే గుడ్డ తాతా. నీదొక్కటి ఎట్ల తీస్తం?"

మామ తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ బిగించి కట్టుకున్నాడు.

"గట్లయితె మొత్తం దించుండ్రి."