అప్ గంట లేటు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సన్యాసయ్య గారికి విశాఖ బండి అందకపోవడానికి కారణం బండి కాదు, నేను.

1979 జూన్‌లో నర్సీపట్నం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. అది నా మొదటి పోస్టింగు. అప్పట్లో ఊళ్ళో ఎవరు ఫోన్ ఎత్తినా మేమే బోర్డు మీద తీగ గుచ్చి అవతలివాళ్ళతో కలపాలి. పొరుగూరికైతే ట్రంకు కాల్ బుక్ చేసి లైను దొరికేదాకా కాచుకోవాలి. అడిగిన నంబరు తిరిగి చదివి, అవునన్నాకే కలపాలన్నది శిక్షణలో మొదటి పాఠం. రైళ్ళ సమాచారం చెప్పడం మా పని కాదు. అయినా చెప్పేవాళ్ళం. స్టేషను పేరుకే నర్సీపట్నం రోడ్డు. ఊరికి బస్సులో దాదాపు గంట దూరం. పాసింజరు ఒకనాడు వేళకి వచ్చేది, మర్నాడు రెండు గంటలు ఆలస్యం. అందుకని జనం బస్సెక్కబోతూ మా కిటికీ దగ్గర ఆగేవారు. నేను స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కునేదాన్ని.

సన్యాసయ్య గారిది ఎదురుగా కుట్టుమిషను కొట్టు. ఆ వానాకాలం ఆయన భార్య విశాఖలో ఆసుపత్రిలో ఉన్నారు. ఆవిడ చెల్లెలు తోడుండేది. ఈయన వారానికి రెండుసార్లు పొద్దుటి పాసింజరుకి వెళ్ళొచ్చేవారు.

"ఏటమ్మా, పెళ్ళికూతురు బయల్దేరిందా, ఇంకా ముస్తాబవుతాందా?" అని బండి గురించి అడిగేవారు. నేను తలొంచుకుని జవాబిస్తే, "నీ గొంతు నాకే ఇనపడ్డంలేదు, ట్రంకు కాల్లో అవతలోడికి ఎలాగినపడతాది తల్లీ?" అని నవ్వేవారు.

ఒక సాయంత్రం ఆ చెల్లెలు చేసిన కాల్ నేనే తీసుకుని ఆయన్ని పిలిపించాను. "అక్క నీకోసమే సూత్తాంది బావా, బేగి వచ్చెయ్" అంది. వానలకి అనకాపల్లి రోడ్డు మీద నీళ్ళొచ్చి విశాఖ బస్సులు ఆగిపోయాయి. ఇక ముందుగా దొరికేది పొద్దుటి పాసింజరే.

తెల్లవారగానే సంచీతో వచ్చారు. స్టేషనుకి ఫోన్ చేసి బండి వేళకేనా అని మాత్రం అడిగాను. రోజూ ఉండే స్టేషన్ మాస్టరు "విశాఖ బండి", "రాజమండ్రి బండి" అని చెప్పేవారు. ఆ రోజు ఆయన సెలవు. బదులుగా వచ్చినాయన "అప్ గంట లేటు" అని ఊరుకున్నారు. అప్ అంటే ఎటు? మా ఊళ్ళో పైకి వెళ్ళడమంటే చింతపల్లి కొండలవైపు. అటు రైలే లేదు. పెద్ద ఊరికి వెళ్ళేదే అప్ అయివుంటుందనుకున్నాను. పుస్తకంలో తెలియని మాట వస్తే నిఘంటువు తీసేదాన్ని. మనిషిని అడగడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. "విశాఖ వెళ్ళేదేనాండీ?" అన్నది నోటిదాకా వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

గంట లేటని చెప్పాను. "అయితే తరవాత బస్సుకెళ్తాను. దాని పచ్చ జాకెట్టుకి సేతులు తగిలించాల. అందరివీ కుట్టి దాందే ఒగ్గేసినాను" అంటూ కొట్టు తెరిచారు. నా సీటులోంచి మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆయన బస్సెక్కాక ఇంకొకరు వచ్చి అదే బండి గురించి అడిగారు. మళ్ళీ ఫోన్ చేశాను. "విశాఖ వెళ్ళేది డౌన్ కదమ్మా. అది రైట్ టైముకే వెళ్ళిపోయింది. పొద్దున మీకు చెప్పింది అప్" అన్నారు మాస్టరు.

సన్యాసయ్య గారు మధ్యాహ్నం బండికి వెళ్ళారు. ఆయన చేరేసరికి ఆవిడ పోయి రెండు గంటలైంది. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని చెల్లెలు చెప్పిందట. లేటన్న బండి దారిలో జోరందుకుని వేళకి వచ్చేసిందని ఊళ్ళో అందరూ రైలునే తిట్టారు. నేను కాదనలేదు. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఒక్క వాక్యమే: "డౌన్ అంటే విశాఖ వైపు."

ఆ తరవాత సర్వీసంతా నంబరుతోపాటు ఊరి పేరు, దిక్కు కూడా తిరిగి అడిగాను. నా కింద పనిచేసిన ఆపరేటర్లకీ అదే నేర్పాను. అర్థం కాని మాటని అలాగే ఇంకొకరికి అందించకూడదు. విసుక్కుంటారేమోనన్న భయం ఆపరేటరుకి పనికిరాదు.

1981లో నాకు బదిలీ అయింది. చివరిరోజు సన్యాసయ్య గారు కిటికీ దగ్గరికి వచ్చారు. ఈసారైనా చెప్పేద్దామనుకున్నాను. ఆయనే ముందు మాట్లాడారు.

"బండి మోసం సేసింది గానీ, నువ్వు సెప్పిన గంటలోనేనమ్మా ఆ జాకెట్టు పూర్తయినాది. అది తొడిగే పంపినాం."