గోడ మీద లేసు పూలు

పెళ్లయిన కొత్తలో, కోయిలకుంట్లలో మా అత్తగారింటి గోడ బోసిగా కనిపించింది. లేసుగుడ్డ పరిచి, పైన స్పాంజితో రంగు అద్దితే గోడ మీద పూలు పడతాయని ఫోన్‌లో చూశాను. అత్తమ్మ చర్చికి పోగానే, పెట్టెలో దొరికిన పాత లేసు కర్టెన్‌ను గోడకు అంటించి నీలం రంగు అద్దేశాను.

తిరిగొచ్చిన అత్తమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.

"అది నా పెండ్లి ముసుగు గదమ్మా!"

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె గోడ దగ్గరికి పోయి ఒక్కో పువ్వునూ తడిమింది. వేళ్లకు నీలం అంటుకుంది.

"ఇన్నేండ్లు పెట్టెలో ఉంటే ఎవురు చూసినారు? ఇంక దినామూ చూసుకుంటా. ఏడవాకు."

ఆ రోజు తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఇప్పటికీ ఇంటికి రంగులేసే మనిషి వస్తే, అత్తమ్మ ఆ గోడకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.