అంబాసిడర్ మీద పల్లికాయ పొట్టు

పొద్దున పక్కింట్లో కిటికీలకు ఎనామిల్ వేస్తుంటే, ఆ వాసనకు బిజినేపల్లిలోని మా వాకిలి గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ తలుపులకు వేయగా మిగిలిన రంగు సైకిలుకు పూసేవారు కదా? మా నాన్న అలా మిగిలిన ఆకుపచ్చ రంగును మా పాత అంబాసిడర్ కారుకే పూశాడు. మరునాడు అది పెళ్లి కిరాయికి వెళ్లాలి.

రంగు ఆరకముందే గాలి తిరిగింది. ఎదురుగా కల్లంలో తూర్పారబడుతున్న పల్లికాయ పొట్టంతా వచ్చి బానెట్‌కు అంటుకుంది. నాన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

“గట్ల కూసుంటే ఎట్ల? చేను లేదని ఏడుస్తుంటివి, సూడు, కారుకే పంటొచ్చింది!” అని అమ్మ నవ్వింది. నాన్నకూ నవ్వు ఆగలేదు. ఆ పంటతోనే పెళ్లికొడుకును ఊరేగించాడు.

కారు ఎప్పుడో అమ్మేశాం. ఎవరి నున్నటి కారు మీద చెయ్యి వేసినా, నా వేళ్లు ఇంకా ఆ గరుకు కోసమే వెతుకుతాయి.